కాలర్ ఎముక మీద ముడి

ఫిజియోథెరపీ గదిలో ఆవిణ్ణి అందరూ నూనెక్క అంటారు. పద్దెనిమిదేళ్ళుగా అరచేతులకి నూనె రాసుకుని జనాల నడుములూ మోకాళ్ళూ పట్టడమే ఆవిడ ఉద్యోగం. రోగి నోరు తెరవకముందే ఆవిడ బొటనవేలు నొప్పి దగ్గరికి చేరుకునేది. అక్కడున్న కండ పేరేమిటని అడిగితే మాత్రం, "అదేనండీ, మొండికేసి కూర్చున్నది" అనేది.

అలాంటి గది గోడకి ఒకరోజు కాగితం అంటించారు. వచ్చే నెల నుంచి పరీక్ష పాసైనవాళ్ళే రోగిని ముట్టుకోవాలట. మిగిలినవాళ్ళు తువ్వాళ్ళు మడతపెట్టే గదికి వెళ్ళాలట. నూనెక్క ఆ కాగితం మూడుసార్లు చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగోసారి చదివింది. ఒక్క అక్షరమూ మారలేదు.

ఆ రోజు నుంచి ఆవిడకి కాలూ చెయ్యీ ఆడలేదు. నర్సింగ్ చదివే కూతురు బొమ్మల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

"మణికట్టులో ఎనిమిది ఎముకలమ్మా. స్కాఫాయిడ్, లూనేట్..."

"ఆగవే తల్లీ. అవి మనుషుల పేర్లా, మందుల పేర్లా?"

"సరే, మన చుట్టాలనుకో. ఎవడు కింద పడినా ముందు విరిగేది స్కాఫాయిడ్."

"అయితే మా పెద్దాడపడుచు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఏడ్చేది ఆవిడే."

"చోటు వదిలి జారిపోయేది లూనేట్."

"మీ చిన్న బాబాయి. ఏ ఉద్యోగంలోనూ నిలవడు."

"అందరికంటే పెద్దది, నట్టనడుమ కూర్చునేది క్యాపిటేట్."

"అది చెప్పాలా? మా అత్తగారు!"

అలా ఒక్క సాయంత్రంలో మణికట్టు నిండా అత్తవారింటివాళ్ళే. లిగమెంటు ఎముకని ఎముకతో కట్టేస్తుందని, ఒకసారి సాగితే మళ్ళీ మునుపటిలా బిగుసుకోదని కూతురు చెబితే, "నా పాత లంగా ఎలాస్టిక్కు" అని రాసుకుంది.

పేర్లు వచ్చాయిగానీ తడిమి చూసుకోడానికి ఒక ఒళ్ళు కావాలి. తన ఎముకలు తనకే దొరకవు, పైన పుష్కలంగా కండ ఉంది. బస్సులో పక్కసీటు ఆవిడ చెయ్యి పట్టుకుని మణికట్టులో హామేట్ అనే ఎముకకుండే కొక్కెం కోసం వెతికింది. ఆవిడ చెయ్యి లాక్కుని, సంచి గుండెకి హత్తుకుని, రెండు స్టాపుల ముందే దిగిపోయింది. ఇక మిగిలింది మొగుడే. ఆయన గోడలకి రంగులు వేసే మేస్త్రి. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా విప్పించి కుర్చీలో కూర్చోబెట్టేది. కుడిచెయ్యి టీ గ్లాసుకి కావాలి కాబట్టి పాఠం ఎప్పుడూ ఎడమవైపే.

"గిలిగింతలే!" అని ఆయన మెలికలు తిరిగేవాడు.

"కదలకండి. ఇది కాలర్ ఎముక. భుజం నుంచి గొంతు దాకా. మధ్యలో గోలీకాయంత ముడి."

పుస్తకంలో ఆ ముడి లేదు. బొమ్మ వేసినవాడు బద్ధకిస్టు అనుకుంది నూనెక్క.

పరీక్ష రోజు ఒక బక్కపల్చటి డాక్టరు, పక్కన వేలాడుతున్న ప్లాస్టిక్ అస్థిపంజరం. మొదటి ప్రశ్నే కాలర్ ఎముక. నూనెక్క ప్రాణం లేచొచ్చింది. మొదలూ చివరా చూపించి, "మధ్యలో ముడి" అంది.

"ముడేమిటమ్మా?"

"ఉంటుందండీ. అందరికీ ఉంటుంది."

"దీనికి లేదే."

"ప్లాస్టిక్‌ది కదండీ, పోత పోసేటప్పుడు మర్చిపోయుంటారు."

డాక్టరు పై గుండీ విప్పి తన భుజం తడుముకున్నాడు. "నాకూ లేదు. ఎవరి మీద నేర్చుకున్నావు?"

"మా ఆయన మీదండీ."

"అయితే మీ ఆయనకి అది ఎప్పుడో విరిగింది. కట్టు కూడా సరిగ్గా పడలేదు, వంకరగా అతుక్కుంది."

నూనెక్క మొహం చూసి ఆయన మంచినీళ్ళు తాగి రమ్మన్నాడు. "చివర్లో పిలుస్తాను. ఇంకా మూడు ప్రశ్నలున్నాయి. అన్నీ చెబితేనే పాస్."

ఆవిడ నీళ్ళు తాగలేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఫోన్ చేసింది.

"ఏవండీ, మీ ఎడమ భుజం ఎప్పుడు విరిగింది?"

అవతల బకెట్ అంచుకి బ్రష్ తట్టిన చప్పుడు. "ఇప్పుడెందుకది? పరీక్ష ఎలా అయింది?"

"ఎప్పుడు?"

"పాప పుట్టిన నెలలో."

"పక్క ఊళ్ళో పనుందని నెలన్నర పోయారే!"

"పనీ లేదు, పాడూ లేదు. నిచ్చెన జారింది. మా మేనత్త ఇంట్లో పడుకున్నాను. పచ్చి బాలింతవి, కంగారు పడతావని చెప్పలేదు."

"పురిటికి రాని మొగుడని పంతొమ్మిదేళ్ళుగా తిట్టుకుంటున్నానండీ మిమ్మల్ని!"

"తెలుసు. పైకే తిడతావుగా."

ఏడవాలో ఇంకోసారి తిట్టాలో తేల్చుకునేలోపు లోపలి నుంచి పిలుపొచ్చింది. నూనెక్క ఫోన్ కట్ చెయ్యడం మర్చిపోయి అలాగే సంచిలో పడేసి వెళ్ళింది.

డాక్టరు తన మణికట్టు చాపాడు. బుర్రలో పేరు ఒక్కటీ లేదు. వేలు పెట్టగానే, "ఇది మా పెద్దాడపడుచు" అనేసింది. నాలిక కరుచుకుంది. "అంటే స్కాఫాయిడ్. పక్కన మా మరిది, లూనేట్. నడుమ మా అత్తగారు..." ఎనిమిదీ వచ్చాయి. డాక్టరు కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

తర్వాత పాదం. చీలమండ మెలిక పడితే ముందు తెగే లిగమెంటు ఏదన్నాడు. ఆ పేరుకి నోరు తిరగలేదుగానీ వేలు సరిగ్గా దాని మీదే వాలింది. "అదే, ఇదే" అంది. పేరు చెప్పందే మార్కు లేదన్నాడాయన. రెండుసార్లు తడబడి, మూడోసారి కళ్ళు మూసుకుని ముక్కలు ముక్కలుగా చెప్పింది. మూడో ప్రశ్న నడుము. పద్దెనిమిదేళ్ళ నడుములు ఆవిడ తరఫున జవాబు చెప్పాయి.

"పాస్" అన్నాడు డాక్టరు. "కాలర్ ఎముకకి సున్నా."

"వెయ్యండి. దానికి సున్నాయే న్యాయం."

సోమవారం మొదటి రోగి బల్ల మీద పడుకున్నాడు, నడుం నొప్పట. నూనెక్క నడుము జోలికి పోలేదు. ముందు రెండు భుజాలూ తడిమింది. తర్వాత మోచేతులు, పక్కటెముకలు.

"ఎప్పుడైనా పడ్డారా?"

"లేదమ్మా."

"ఇంట్లో చెప్పకుండా దాచినవి కూడా చెప్పండి."

అతను ఒక క్షణం పైకప్పు చూశాడు. "బండి మీంచి... ఒక్కసారి."

"ఎప్పుడు?" అంటూ నూనెక్క బల్ల పక్కకి కుర్చీ లాక్కుంది.