నడుంలోతు నీళ్ళలో డ్రిల్లు మాస్టారు

బుధవారం పొద్దున నందిగామ నుంచి ఫోనొచ్చింది, డ్రిల్లు మాస్టారు పోయారని. నిద్రలోనే వెళ్ళిపోయారట. చెప్పింది ఆయన కోడలు. "మెళ్ళో ఈల తియ్యాలా వద్దా అని ఇక్కడ వాదులాడుకుంటున్నారు బాబాయిగారూ, మీరే చెప్పండి" అంది. ఉంచమన్నాను.

ఈల అంటే గుర్తొచ్చింది. రిటైరయ్యాక కూడా ఆయన అది లేకుండా గడప దాటేవారు కాదు. కంచికచర్లలో ఒక పెళ్ళికి వెళితే, రెండో బంతికి జనం కుర్చీల కోసం తోసుకుంటున్నారు. ఈయన ఈల ఊదారు. మగపెళ్ళివారితో సహా అందరూ వరసలో నిలబడిపోయారు. సగంమంది ఆయన దగ్గర చదివినవాళ్ళే మరి.

అసలు సంగతికొస్తాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఎక్కడో మూతపడ్డ పార్కు నుంచి ఆరు కాయక్‌లు కొనుక్కొచ్చి ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డున పెట్టారు. కాయక్ అంటే ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. ఆదివారాలు అద్దెకిచ్చేవారు. నేను జగ్గయ్యపేటలో విత్తనాల కొట్టు గుమాస్తాగిరీ వదిలేసి ఖాళీగా ఉన్నానని, ఒడ్డున గొడుగు కింద బల్ల వేసి కూర్చోబెట్టారు. నా చదువు ఎనిమిదో తరగతి. మిగతాదంతా పొట్లాల కాగితాల మీద చదువుకున్నదే. పేర్లు రాసుకోవడానికి అది చాలు.

మాస్టారి పద్ధతి ఒకటుంది. వచ్చినవాళ్ళకి లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు తానే బిగించి, నడుంలోతు నీళ్ళలో పడవెక్కించేవారు. ఎక్కి సర్దుకుని కూర్చోగానే ఆ పడవని చేజేతులా తిరగేసేవారు! మునిగి, తేలి, పడవ పట్టుకుని నిలబడ్డవాడికే తెడ్డు.

"డబ్బులిచ్చి మునగడం ఏంటండీ?" అనేవారు జనం.

"నా దగ్గర మునిగితే నేనున్నానండి. నడిమధ్యలో మునిగితే ఎవరున్నారు?"

"నాకు ఈతొచ్చు మాస్టారూ. మునేరు ఒడ్డున పెరిగా నేను."

"ఈతొచ్చినవాళ్ళ ఫొటోలకే దండలెక్కువ. రండి."

సగంమంది తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు.

ఒక ఆదివారం మా వియ్యంకుడు తన వాళ్ళతో వచ్చాడు. అప్పటికి మా అమ్మాయి కాపురానికి వెళ్ళి మూడు నెలలు. మాస్టారు షెడ్డు వెనకాల పెరుగన్నం తింటున్నారు.

"ఏంటి బావగారూ, మమ్మల్ని కూడా ముంచుతారా?" అని నవ్వాడాయన.

పెళ్ళిలో వాళ్ళబ్బాయి కాళ్ళు కడిగిన చేత్తో ఆయన్ని నీళ్ళలోకి ఎలా తోస్తాను? "అబ్బెబ్బే, మీకెందుకండీ" అన్నాను. జాకెట్ పట్టీ ఆయన పొట్టకి అందలేదు. ఆ మాట పైకనడానికి కూడా మొహమాటమే. "గాలాడనివ్వండి, వదిలేద్దురూ" అన్నాడు. వదిలేశాను.

ముప్ఫై గజాలు వెళ్ళాక, ఒడ్డున ఉన్న భార్యకి చెయ్యి ఊపడానికి పక్కకి తిరిగాడు. పడవ బోల్తా పడింది. జాకెట్ ఒక్కటే పైకొచ్చింది.

నేను అరవగానే మాస్టారు ఎంగిలిచేత్తోనే దూకారు. జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి పక్కకి దొర్లిస్తే, ఆయన నీళ్ళు కక్కి దగ్గాడు. ఆ దగ్గు వినేదాకా నా కళ్ళముందు మా అమ్మాయి మొహమే ఉంది. వాళ్ళావిడ నావైపు చూడకుండా కొంగుతో ఆయన తల తుడిచింది. నన్ను తిడితే బాగుండేది.

"తప్పు మీది కాదండి" అన్నారు మాస్టారు మా వియ్యంకుడితో. "పడవ అడిగినవాడికి ఏం తెలుస్తుంది? ఇచ్చినవాడు చూసుకోవాలి." తర్వాత నావైపు తిరిగారు. "నదికి మన చుట్టరికాలు తెలీవయ్యా."

పడవలన్నీ ఒడ్డుకి లాగి గొలుసు వేసేశారు. నాకు ఉద్వాసనే అనుకున్నాను. నాలుగు వారాల తర్వాత మొదటి బస్సుకి మా ఇంటికొచ్చారు.

"ఆదివారం తెరుస్తున్నా. నువ్వు రావాలి."

"నేనెందుకండీ ఇంకా?"

"తప్పు చేసినవాడు ఇంట్లో కూర్చుంటే ఆ తప్పు ఎవరికీ పనికిరాదు. అదిసరే, నిన్ను నేనెప్పుడైనా ముంచానా?"

"లేదండి."

"అది నా తప్పు."

ఆదివారం అందరూ చూస్తుండగా నన్ను తిరగేశారు. నీళ్ళు ముక్కులోకి పోయి, పైకేదో కిందేదో తెలియక గిలగిల్లాడాను. అంతకుముందు ఎంతమంది పేర్లు రాశానో! ఏం రాస్తున్నానో ఆరోజే తెలిసింది. ఆయన పోయినా ఆ ఆరు పడవలూ ఉన్నాయి, నేనున్నాను. వచ్చేది మంత్రిగారైనా సరే, తిరగెయ్యకుండా తెడ్డు ఇవ్వను.

ఆరోజు నేను తడిబట్టలతో ఒడ్డెక్కేసరికి, బల్ల దగ్గర మా వియ్యంకుడు నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాలుతో ఒక్కడే వచ్చాడు. మాస్టారు కొత్తగా తెప్పించిన పెద్ద జాకెట్ తనే తొడుక్కుని, తనే పట్టీ కట్టుకున్నాడు.

"సరిపోయిందా బావగారూ?"

పట్టుకుని లాగి చూశాను. వదులుగా ఉంది. పాత మొహమాటమే మళ్ళీ అడ్డొచ్చింది. మాస్టారు నీళ్ళలోంచి చూస్తున్నారు.

"విప్పండి బావగారూ. మళ్ళీ కడతాను."

మా వియ్యంకుడు, దర్జీకి కొలతలిచ్చేవాడిలా, రెండు చేతులూ పైకెత్తాడు. మాస్టారు నడుంలోతు నీళ్ళలో, పడవ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, మేమెంతసేపు కట్టుకుంటే అంతసేపూ అలాగే నిలబడి ఉన్నారు.