మా మామ ఎక్కిన అరగంట విమానం

కర్నూలు నుంచి కడపకు విమానంలో అరగంట కూడా పట్టదని మా మామకు ఫోను చెప్పింది. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే దూరమూ, పట్టే సమయమూ చూపించింది. ఆ రెంటి మధ్య నేరుగా పోయే విమానం ఒకటి ఉందని మాత్రం అది ఎక్కడా అనలేదు. మామ అడగనూ లేదు.

ఆయన బయలుదేరింది నా పెళ్లికి. మా ఇళ్లల్లో పెళ్లికూతురిని మేనమామే బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలి. మా అమ్మకు ఉన్నది ఒకే అన్న. ఆయనకు ఉన్నది ఒకే నడుము, అదీ సరిగా లేదు. నేనా, తూకానికి ఏమీ తక్కువదాన్ని కాను.

"బస్సులో అంతసేపు ఎగిరెగిరి పడినాక నిన్ను ఎత్తేదెట్లమ్మీ? నడుము కాపాడుకోవాల గదా!" అన్నాడు ఫోన్లో.

టికెట్టు చెన్నై మీదుగా అని కొడుకు చెబితే, "బస్సు నంద్యాలలో ఆగదా? ఇదీ అంతే" అని కొట్టిపారేశాడట.

ముందురోజే మా అత్త, బంధువులు బస్సులో కడపకు వచ్చేశారు. బుట్ట కూడా వాళ్లతోనే దిగింది. కడప బుట్టలు నా బరువు ఆపలేవని మామ కర్నూలులో ప్రత్యేకంగా అల్లించిన బుట్ట అది. "మీరు పోండి, అరగంట దూరానికి ముందురోజే యాల?" అని వాళ్లను సాగనంపాడట.

సాయంత్రం ముహూర్తం. మధ్యాహ్నం దాటినా మనిషి జాడ లేకపోతే నేనే ఫోన్ చేశాను.

"యాడుండావు మామా?"

"చెన్నైలోనే ఉండా మ్మీ. ఈడ వాన శానా ఉండాది. విమానం లేయడంలే."

ఏడాది పొడుగునా వాన కోసం మొగులు చూసి చూసి మెడలు పట్టేసే వాళ్లం మేము. ఆ వాన పోయి పోయి మా మామ నెత్తినే కురవాలా! నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ముహూర్తం దగ్గరపడింది. వరసకు మామ అయ్యే వాళ్లెవరైనా ఎత్తవచ్చునని పురోహితుడు సర్దిచెప్పాడు. ఆ వరస మామలు నన్నూ బుట్టనూ మార్చి మార్చి చూసి, ఒక్కొక్కరే భోజనాల వైపు జారుకున్నారు. నాకూ అదే కావాలి. చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ నేను మా మామ భుజాల మీదే తిరిగాను. ఇంకెవరు ఎత్తినా దూకేస్తానని చెప్పి బుట్టలో కూర్చున్నాను. అమ్మ తల పట్టుకుంది.

చివరికి ఆటో ఆగింది. మామ ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని దిగాడు.

"ఆకాశంలో ఏమీ కాలే మ్మీ. ఆ చెన్నైలో కుర్చీల్లో కూర్చోని కూర్చోని పట్టేసింది."

అయినా వంగి బుట్ట అంచులు పట్టుకున్నాడు. బుట్ట కదలలేదు. మామ కూడా కదలలేదు. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన మాత్రం తల ఎత్తలేదు. నా పట్టుచీర మీద ఒక చుక్క పడింది. చెమట అనుకున్నాను. కాదు.

నేను బుట్టలోంచి దిగాను. ఆయన చెయ్యి తీసి నా భుజం మీద వేసుకున్నాను. ఖాళీ బుట్టను ఆయన రెండో చంకన ఇరికించాను. ఇద్దరం మెల్లగా నడిచాం.

"పెళ్లికూతురిని తెస్తున్నదెవరయ్యా?" మండపం మీంచి పురోహితుడు కేకేశాడు.

"మా మామ!" అని నేనే గట్టిగా చెప్పాను.