ఇనప్పెట్టెలో పాట

టెలిఫోను లైన్‌మన్‌కి ఒక నమ్మకం ఉంది. గాలి, దుమ్ము, ఎలుక, తెలియనివాడి చెయ్యి, ఈ నాలుగూ సోకకుండా చూసుకుంటే ఏ యంత్రమూ చెడిపోదని. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన వీధి మలుపుల్లో ఇనప్పెట్టెలు తెరిచి, వందల తీగల్లో చెడ్డదాన్ని వెతికి పట్టుకుని, అతికి, పెట్టె మూసి తాళం వేసి ఇంటికి వస్తున్నాడు. తాళం మరిచిపోయి వచ్చిన రోజు ఒక్కటి లేదు. అందుకే ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకున్న రోజునే, కంపెనీవాళ్లు ముందుగది గోడకి తగిలించి వెళ్లిన రౌటర్‌ని ఊడదీశాడు. ఆఫీసువాళ్లు పనికిరాదని పారేసిన చిన్న ఇనప్పెట్టె ఒకటి తెచ్చి, తుప్పు గీకి, రంగు వేసి, గోడకి బిగించి, అందులో దాన్ని కూర్చోబెట్టి తాళం వేశాడు. చూసినవాళ్లంతా బ్యాంకు లాకరులా ఉందన్నారు. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆయనా, ఆయన అక్కా. అక్క పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు చేసుకున్నది నిలవలేదు. అక్క బళ్లో డ్రిల్లు టీచరుగా చేసేది. ఆవిడ ఈల ఊదితే మూడు వందల మంది పిల్లలు ఒకే మనిషిలా కదిలేవారు. అలాంటి మనిషికి నెలన్నర కిందట పక్షవాతం వచ్చి ఎడమకాలు మాట వినడం మానేసింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. అది ఆవిడ అదృష్టమో తమ్ముడి ప్రారబ్ధమో ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు.

వ్యాయామాలు చేయించడానికి వచ్చే డాక్టరమ్మ ఒకరోజు కొత్త మాట చెప్పింది. "దరువు గట్టిగా ఉన్న పాట ఒకటి పెట్టుకోండి టీచరుగారూ. దెబ్బకో అడుగు వెయ్యండి. మెదడు మరిచిపోయిన నడకని చెవి గుర్తుచేస్తుంది."

నిజంగానే గుర్తుచేసింది. డాక్టరమ్మ తన ఫోన్లో డప్పు పాట ఒకటి పెడితే మొదటిరోజే అక్క మంచం దగ్గర్నుంచి గది గుమ్మందాకా వచ్చేసింది. తమ్ముడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వెంటనే వెళ్లి ఇంటర్నెట్‌తో పాడే తీగలేని స్పీకర్లు రెండు కొనుక్కొచ్చి, ఒకటి అక్క గదిలో, ఒకటి నడవాలో పెట్టి, ఆఫీసుకి పది రోజులు సెలవు రాసిపడేశాడు.

ఆ పది రోజుల్లో తేలాల్సింది ఒక్కటే. పదకొండో రోజు నుంచి పగలంతా అక్క ఒక్కతే ఉండాలి. కుదుర్చుకున్న ఆయా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పోతుంది. మధ్యలో అక్క తన గదిలోంచి నడవా చివర ఉన్న స్నానాలగదిదాకా తనంతట తాను వెళ్లి రాగలగాలి. రాలేకపోతే రోజంతా కాపలాకి మనిషిని పెట్టాలి, ముక్కూమొహం తెలియని ఆ మనిషిని ఇలా తీసుకెళ్లమ్మా అని బతిమాలుకోవాలి. అక్కకి ఆ ఊహే గిట్టలేదు. ఆయా వచ్చేదాకా ఆగలేనేమోనని ఆవిడ పగలు మంచినీళ్లు తాగడమే తగ్గించేసింది. తమ్ముడు అది గమనించాడు. గమనించినట్టు కనబడకుండా మొహం తిప్పుకున్నాడు.

రెండో రోజు అక్క కర్ర పట్టుకుని నడవాలో అడుగు పెట్టగానే పాటకి నత్తి వచ్చింది. డప్పు ఒక దెబ్బ పడింది, రెండోది సగంలో తెగింది, ఆ తర్వాత నాలుగు దెబ్బలు ఒక్కసారి మీదపడ్డట్టు వచ్చి మళ్లీ మాయమయ్యాయి. అక్క ఎడమకాలు గాల్లోనే ఉండిపోయింది.

"ఆగిపోయిందిరా!"

"పాటా, కాలా?"

"రెండూ! ప్రశ్నలు తర్వాత, ముందు నన్ను పట్టుకో!"

ఆమెను మంచం మీద కూర్చోబెట్టి లైన్‌మన్ పెట్టె దగ్గరికి పరుగెత్తాడు. తాళం తీశాడు, రౌటర్ ఆపాడు, మళ్లీ వేశాడు. పచ్చదీపాలు వెలిగేదాకా ఎదురుగా నిలబడ్డాడు. పాట ఏటి నీళ్లలా సాగింది. హమ్మయ్య అనుకుని పెట్టె మూసి, తాళం వేసి, అక్కని లేపుకొచ్చాడు. మూడో అడుగుకి మళ్లీ నత్తి. ఆ ఒక్కరోజే ఈ తతంగం ఐదుసార్లు జరిగింది.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల ఒక అమ్మాయి.

"రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?"

"అమ్మా, నీ వయసెంతో అన్నేళ్ల సర్వీసు నాది. లైన్ల సంగతి నాకు చెప్పకు."

"తప్పకుండా సార్. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్. రౌటర్ ఎక్కడ పెట్టారు సార్?"

"దుమ్ము కూడా దూరలేని చోట పెట్టాను, చాలా?"

"చాలా మంచిది సార్," అందా పిల్ల.

అక్కడితో ఆయన కన్ను మిగతావాటి మీద పడింది. స్పీకర్లు దొంగ సరుకన్నాడు, మార్చుకొచ్చాడు. పై వాటావాళ్లు తన ఇంటర్నెట్ కాజేస్తున్నారన్నాడు, తనకే గుర్తుండనంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టాడు. ఫోను పాతబడిందన్నాడు. చివరికి ఆ పాట పాడినవాడికే దరువు తెలియదన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటారు చూడండి, ఆ మద్దెల కూడా పాపం ఇన్ని మాటలు పడి ఉండదు.

నాలుగో రోజు అక్క మంచం మీంచి పిలిచింది. "ఒరే, నాకొకటి తోస్తోంది. నువ్వు ఆ పెట్టెకి తాళం వేసిన చప్పుడవుతుంది, ఆ వెనకే పాట తప్పుతుంది. ప్రతిసారీ అదే వరస. నేను లెక్కపెట్టాను."

"పెట్టెకీ పాటకీ ఏమిటక్కా సంబంధం? ముప్పై ఏళ్లు ఊరంతా ఇనప్పెట్టెల్లోంచే మాట్లాడుకుంది. నీకు ఈల తెలుసు, లైను నాకు తెలుసు. ఎవరి పని వాళ్లని చెయ్యనీ."

అక్క మొహం అటు తిప్పుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదని ఆవిడకి తెలుసు.

ఎనిమిదో రోజు ఆవిడ నడవా సగందాకా వచ్చింది. ఇంకో ఆరడుగులేస్తే స్నానాలగది. అక్కడ పాట టక్కున తెగింది. కాలు తడబడి, గోడకి మోచెయ్యి గీసుకుని, ఆవిడ అలాగే గోడకి అతుక్కుపోయింది. లైన్‌మన్‌కి ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించాడు.

"పాట ఆగితే నువ్వెందుకు ఆగాలి? ఆరడుగులు! ఆరే ఆరడుగులు కూడా వెయ్యలేవా?"

అన్నాక గాని తనేమన్నాడో ఆయన చెవికెక్కలేదు. అక్క కళ్లలో నీళ్లు రాలేదు. వచ్చి ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

"మంచం దగ్గరికి తీసుకెళ్లు," అంది ఆవిడ.

ఆ రోజు గాని మర్నాడు గాని ఆవిడ కర్ర ముట్టలేదు. పాట పెట్టమనలేదు. తమ్ముడు అన్నం పెడితే తింది, మంచినీళ్లు ఇస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. క్షమించమని అడగడానికి గుమ్మందాకా మూడుసార్లు వెళ్లి, అక్కడ లేని బూజు దులిపి వెనక్కి వచ్చాడు.

పదో రోజు పొద్దున ఇక లాభం లేదని రౌటర్‌ని కంపెనీవాళ్ల మొహాన కొట్టడానికి నిశ్చయించుకున్నాడు. నడవాలో స్పీకరు పరీక్ష కోసం పెట్టిన పాట దాని మానాన అది నత్తి కొడుతూనే ఉంది. పెట్టె తెరిచి, రౌటర్‌ని వైరు ఊడదీయకుండానే బయటికి లాగి, ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఫోన్లో ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాడు.

"ఒరే!" గదిలోంచి అక్క కేకేసింది. రెండు రోజుల తర్వాత ఆవిడ పిలిచిన మొదటి పిలుపు. "నోరు మూసుకుని కాస్త విను!"

విన్నాడు. నడవాలో పాట ఎక్కడా తెగకుండా సాగుతోంది. పల్లవి అయింది, చరణం అయింది, మళ్లీ పల్లవి వచ్చింది. రౌటర్‌ని తిరిగి పెట్టెలో పెట్టి తలుపు మూశాడు. నత్తి. తీశాడు. పాట. మూశాడు. నత్తి. మూడోసారి మూయడానికి ఆయనకి చెయ్యి రాలేదు. తీగ వెంట పోయే మాటకి ఇనుము అడ్డం కాదు, తీగే దాన్ని బయటికి తీసుకుపోతుంది. ఈ పాటకి తీగ లేదు. గాలే దాని దారి. ఆ దారికి తనే చేతులారా తలుపు బిగించి, ఊరందరినీ తిట్టాడు.

ఫోన్లో ఆ అమ్మాయి ఇంకా "సార్, సార్" అంటోంది. "తప్పు నాదేనమ్మా," అని పెట్టేశాడు.

అక్క గదిలోకి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు.

"నువ్వు నాలుగో రోజే చెప్పావు."

"చెప్పాను."

"నేను వినలేదు."

"వినలేదు."

"మొన్న నేనన్న మాట..."

"అన్నావు. అది పోదు," అంది అక్క. "ఆరు రోజులు మింగేశావురా. రేపు నువ్వు డ్యూటీకి పోవాలి. ఏడుపు తర్వాత ఏడవచ్చు, ఆ కర్ర ఇటు తీసుకురా. నువ్వు బయటికి పో."

"పడిపోతే?"

"రేపు పడిపోతే నువ్వుంటావా? పో. పిలిస్తే తప్ప రాకు."

రౌటర్‌ని నడవాలో చెక్క అలమర మీద, దుమ్ములో, ఏ ఆచ్ఛాదనా లేకుండా పెట్టాడు. పెడుతుంటే ఆయనకి తనే చొక్కా లేకుండా వీధిలో నిలబడ్డట్టు అనిపించింది. పాట పెట్టి, వీధి తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీద నిలబడ్డాడు.

లోపల డప్పు మోగుతోంది. దాంతోపాటు కర్ర నేలకి తగులుతున్న చప్పుడు. ఒకటి. రెండు. మూడు. ఎదురింటి ముందు ఎవరో సైకిలు తుడుచుకుంటూ పలకరించారు, ఆయన వినిపించుకోలేదు. ఎనిమిదో చప్పుడు తర్వాత కర్ర ఆగింది. పాట మాత్రం ఆగలేదు. మొన్న ఆగిపోయిన చోటే అని ఆయనకి తెలిసిపోయింది. చెయ్యి తలుపు మీదికి పోయింది. పిలిస్తే తప్ప రాకు అన్న మాట గుర్తొచ్చి, చేతిని వెనక్కి లాక్కుని, జేబులో కుక్కుకున్నాడు. పాట ఒక చరణమంతా కర్ర లేకుండానే గడిచింది. అంత పొడుగు చరణం ఆయన జన్మలో వినలేదు.

మళ్లీ కర్ర. తొమ్మిది. పది. తర్వాత రోడ్డు మీద ఒక లారీ వెళ్లింది, ఆ రొదలో ఏమీ వినబడలేదు. లారీ పోయేసరికి కర్ర చప్పుడు లేదు, పాట కూడా అయిపోయింది.

అప్పుడు ఇంటి అవతలి కొసనుంచి, డ్రిల్లు మైదానంలో మూడు వందల మందికి వినబడే ఆ పాత గొంతు మోగింది.

"ఒరే! ఇక్కడ సబ్బు లేదు! పది రోజులు ఇంట్లో కూర్చుని ఏం వెలగబెట్టావురా?"

తెస్తున్నానక్కా అనబోయాడు. మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని, లోపలినుంచి వస్తున్న తిట్లన్నీ ఒక్కటి కూడా పోనివ్వకుండా విన్నాడు.