చావిడి బండ మీద ఖాళీ గడి

ఒక మాట చెప్పాల్సిన చోట చెప్పకుండా నవ్వి ఊరుకున్నాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. ఇప్పుడైనా రాసేవాణ్ణి కాదేమో గానీ, మొన్న కొత్త బ్యాచికి పాఠం చెప్పమని నాకు పంపిన స్లైడ్లలో ఆ పాత ఫొటో మళ్ళీ కనబడింది. నల్లటి బండ మీద తెల్లటి సుద్దగీతలు, చదరాలు, సున్నాలు, పక్కన తెలుగులో పేర్లు. కింద ఇంగ్లీషులో, పల్లెల్లో పరిశోధన ఎలా చేయాలో దీన్ని చూసి నేర్చుకోవాలని రాసి ఉంది. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు, ఎందుకంటే ఆ గీతలు గీసిన చెయ్యి నాదే.

మానసిక జబ్బులు కుటుంబాల్లో ఎలా దిగివస్తాయో, జన్యువుల్లో వాటి ఆనవాళ్ళేమిటో వెతికే పనికి వెనకబడిన దేశాల కుర్రవాళ్ళను తయారు చేస్తామని ఒక విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ళు ముందుకొచ్చిన రోజులవి. మార్కాపురంలో డిగ్రీ చదివి, పైచదువు బయట పూర్తిచేసి, ఉద్యోగం కోసం తిరుగుతున్న నాకు అందులో చోటు దొరికింది. నాతోపాటు నేపాల్ నుంచి ఒకామె, ఆఫ్రికా నుంచి ఇద్దరు ఉండేవారు. నెత్తురులోంచి డీఎన్ఏ తీయడం, దాన్ని ఐసులో పెట్టి పంపడం, వంశవృక్షం గీయడం, అన్నీ శ్రద్ధగా నేర్పారు. మగవాడికి చదరం, ఆడమనిషికి సున్నా, జబ్బున్నవాళ్ళ గడి నింపాలి, లేనివాళ్ళది ఖాళీగా వదలాలి. మనుషులతో ఎలా మాట్లాడాలన్నది మాత్రం ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, సగంమంది కునుకుతున్నప్పుడు చెప్పారు. కోపం రాదా మరి! గడి నింపడం నేర్పడానికి నెలలు పట్టిన వాళ్ళకు, ఆ గడిలో ఉన్న మనిషి రేపు ఊళ్ళో ఎలా తిరగాలన్న ఆలోచనకు ఒక పూటే దొరికింది.

నా వంతుకు అర్ధవీడు వైపు పల్లెలు ఇచ్చారు. అందులో ఒకటి మా అమ్మ పుట్టిన ఊరు. అక్కడ అమ్మతో కలిసి పెరిగినావిడను నేను చిన్నమ్మ అనేవాణ్ణి, రక్తసంబంధం ఏమీ లేకపోయినా. ఆమె పెద్దకొడుక్కి ఎవరూ లేనిచోట మాటలు వినబడేవి, రోజంతా గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఆమె మరిదిది కూడా అదే జబ్బు. చిన్నకొడుకు మాత్రం చలాకీ మనిషి, గొర్రెలంటే ప్రాణం, తన మందలో ఏ పిల్ల ఏ తల్లిదో చీకట్లో కూడా అరుపును బట్టి చెప్పేవాడు. నన్ను చూస్తే పట్నం అన్న వచ్చినాడని ఎగతాళి చేస్తూనే నా సంచీ మోసేవాడు.

ఏ ఇంటి వివరాలు ఆ ఇంట్లోనే, తలుపు వేసుకుని అడగాలని మాకు చెప్పారు. నేను నా సొంత తెలివి ఉపయోగించాను. మన వైపు ఒక ఇంటి చుట్టరికాలు ఆ ఇంటివాళ్ళకొక్కరికే తెలుస్తాయా? సంబంధం కుదరాలంటే ఊరంతా కూర్చుని, ఎవరి తాత ఎవరి పెదనాయనో తలా ఒక కొస అందిస్తే గదా లెక్క తేలేది! అందుకని పీర్ల చావిడిలో అందరినీ కూర్చోబెట్టి, కింద పరిచిన నల్ల పలకబండల మీద సుద్దముక్కతో చిన్నమ్మ వాళ్ళ వంశవృక్షం గీశాను. శిక్షణ ఇచ్చే పెద్దాయన ఆ రోజు మాతో వచ్చి, నా వెనక కెమెరా పట్టుకుని మురిసిపోతున్నాడు.

చిన్నమ్మ పక్కింటి మామ ఒకాయన మొదలుపెట్టాడు. "ఏందప్పా, పులిజూదం గళ్ళు గీస్తాండావు? పులులేవి, మేకలేవి?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పేర్లు పోటీలు పడి అందించారు. ఆడబిడ్డను మరిచిపోయానని ఒకామె నన్ను తిట్టింది కూడా. తరువాత నేను చిన్నమ్మ మరిది చదరాన్నీ, పెద్దకొడుకు చదరాన్నీ సుద్దతో నింపాను.

"ఆ సున్నం కొట్టిన గళ్ళేంది?" అన్నాడు మామ.

"జబ్బున్నోళ్ళవి మామా."

ఆయన వంగి, పెద్దకొడుకు పక్కనున్న ఖాళీ చదరం మీద వేలు పెట్టాడు. "మరి ఈ చిన్నోనిది ఎప్పుడు నింపుతావు?"

చావిడి గొల్లుమంది. ఆ చిన్నోడు స్తంభానికి ఆనుకుని నిలబడి, నవ్వుతూనే నా ముఖంలోకి చూశాడు, నేనేం చెబుతానా అని. అన్నకుంటే తమ్ముడికి వచ్చి తీరాలని లేదని, చాలామందికి రానే రాదని నేను అప్పటికే చదువుకుని ఉన్నాను. కానీ వెనక కెమెరా ఉంది, పని జోరుగా సాగుతోంది, మధ్యలో ఆపి పాఠం చెబితే పెద్దాయన ముందు నా ఘనత తగ్గుతుందనిపించింది. "చూడాల మామా" అని నవ్వేశాను.

మామ చెడ్డవాడు కాదు, తమాషాకే అన్నాడు. కానీ ఆ ఊళ్ళో ఎండాకాలం నాలుగైదిళ్ళ గొర్రెలను ఒక మంద చేసి నల్లమల అంచుకు తోలుకుపోయేవారు, రాత్రి కాపలాకు వంతులు వేసుకునేవారు. జత లేని మనిషి ఒంటరిగా పోలేడు. ఆ ఏడు చిన్నోణ్ణి ఎవరూ కలుపుకోలేదు. అడవిలో వీనికి కూడా జబ్బు లేస్తే మా గతేంది, చదువుకున్నోడే చూడాలన్నాడు గదా అన్నారట. వాడు గొర్రెలన్నీ తెగనమ్మి, మార్కాపురంలో పలకలు కోసే కార్ఖానాలో చేరాడు.

ఆ తరువాత నేను పోయినప్పుడు చిన్నమ్మ నన్ను నిందించలేదు. "నువ్వొచ్చి చావిట్లో ఒక్క మాట చెప్పు నాయనా, నువ్వు చెప్తే ఇంటారు" అంది. ఈసారి వచ్చినప్పుడు చెబుతానన్నాను. పోలేదు. మీ పనివల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందా అని పైవాళ్ళు అడిగితే లేదన్నాను. ఆ చావిడి ఫొటో చూపించే నాకు విదేశంలో పరిశోధనకు అవకాశం ఇచ్చారు, తిరిగొచ్చాక శిక్షకుణ్ణి చేశారు. ఏటేటా కొత్త పిల్లలకు ఆ బొమ్మ చూపిస్తున్నారని నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టే ఉన్నాను.

ఈసారి ఆ ఫొటో తీసేయమని రాశాను. ముఖాలు కనబడవు గదా, పేర్లు తెలుగులో ఉన్నాయి గదా, మా దగ్గర ఎవరు చదవగలరని జవాబు వచ్చింది. తెలుగులో ఉంటే ఎవరూ చదవలేరట! చదవలేని భాషలో మనిషి పేరుంటే వాడు మనిషి కాకుండా పోతాడా? ఆ జవాబు చూసినప్పుడు వచ్చినంత కోపం నాకు జన్మలో రాలేదు. ఆ ఫొటో ఉన్నంతకాలం పాఠం చెప్పనని తిరిగి రాశాను. రాశాక తెలిసింది, ఇంకో పని మిగిలే ఉందని.

మార్కాపురం పోయాను. కార్ఖానా దగ్గర చిన్నోడు రంపం ఆపి బయటికి వచ్చాడు. కనుబొమల మీద రాతిదుమ్ము, మాటకు మాటకు మధ్య దగ్గు. కూర్చోమనలేదు. నేను తల వంచుకుని చెప్పిందంతా విన్నాడు.

"ఆ పొద్దు అందరి ముందర గీసినావు. ఇప్పుడు నా చెవిలో చెప్తే ఎట్లన్నా?"

ఆదివారం ఇద్దరం బస్సెక్కి ఊరికి పోయాం. చావిట్లో బండల మీద మెరిసే టైల్స్ పరిచారు. ఎండాకాలం ఉమ్మడి మందలు లేవు, ఆ మందలతో పోయిన కుర్రాళ్ళు హైదరాబాదుకూ బెంగళూరుకూ పనులకు పోయారు. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పడానికి పోటీ పడిన గొంతుల్లో సగం ఇప్పుడు లేవు, మిగిలినవాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు. వాణ్ణి చేర్చుకోమని నేనిప్పుడు అడుగుదామన్నా, చేర్చుకోవడానికి మందే లేదు. చిన్నమ్మ పెద్దకొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. మామ ఉన్నాడు, చెవులు బాగా తగ్గాయి. నేను మొదలుపెట్టగానే చెయ్యి చెవికి ఆనించి, "ఏంది? గట్టిగా చెప్పప్పా, ఇనపళ్ళా" అన్నాడు.

గట్టిగానే చెప్పాను, వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి వినేంత గట్టిగా.

"మామా, ఆ పొద్దు ఈని గడి ఎప్పుడు నింపుతావని అడిగితివి. అది నింపే గడి కాదు. అన్నకుందని తమ్మునికి వచ్చి తీరాలని లేదు, శానామందికి రానే రాదు. అది నాకు ఆ పొద్దే తెలుసు. తెలిసీ చెప్పకుండా మీతోపాటు నవ్వినా. ఈడు మందకు దూరమైంది నా వల్లనే. చిన్నమ్మా, తమ్ముడా, తప్పు నాది. మన్నించండి."