అమ్మ కాలు, వదిన గాజుపళ్లెం

మా వదిన కడుపులో మాట ఆగదు. మెట్లు ఎక్కి ఇంట్లోకి వచ్చేలోపే సగం చెప్పేస్తుంది. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే, నలభై దాటాక పరిశోధనలో చేరింది. పూల రసానికి సూక్ష్మక్రిములను చంపే గుణం ఉందో లేదో చూడడం ఆవిడ పని. వేరే పని దొరకలేదా అన్నాను నేను. నా నోరూ తక్కువది కాదు.

బంతిపువ్వునే ఎంచుకోవడానికి కారణం మా అమ్మ. తెగినా, కాలినా, కురుపు లేచినా అమ్మకు తెలిసింది ఒకటే మందు. బాల్కనీ కుండీల్లోని బంతిరేకులు నూరి కట్టు కట్టడం. కుట్టుమిషన్ తొక్కి మమ్మల్ని పెంచిన మనిషి, ఇప్పటికీ తొక్కుతూనే ఉంది. షుగరు వచ్చాక కాలి చిటికెనవేలి పక్కన పుండు పడింది. నొప్పి తెలియదు కాబట్టి దానికీ బంతిముద్దే. డాక్టరు మాట ఎత్తితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వదినకు పూలు బోలెడు కావాలి. అమ్మ తన కుండీల మీద చెయ్యి వేయనివ్వలేదు. అందుకని వీధి చివర పూలకొట్లో కొంది. రేకులు ఆరబెట్టి, స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, ఆ రసాన్ని చిన్న కాగితపు బిళ్లలకు పట్టించింది. క్రిములు పరిచిన గాజుపళ్లెంలో బిళ్లలు పెట్టి వెచ్చని పెట్టెలో ఉంచింది. మర్నాటికి పళ్లెమంతా క్రిములు తెల్లగా పొరకట్టాయి, పూలరసం బిళ్ల చుట్టూ మాత్రం తుడిచినట్టు ఖాళీ. ఉత్త స్పిరిట్ పట్టించి ఆరబెట్టిన బిళ్లకు ఆ ఖాళీ రాలేదు. అంటే చంపింది పువ్వే.

వదిన ఆగుతుందా? ఇంటికొచ్చి చెప్పేసింది. ఇక అమ్మను పట్టేవాళ్లు లేరు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ, మా కోడలు లాబ్‌లో రుజువు చేసిందని చెప్పుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్దామని అన్నయ్య బండి పిలిస్తే తిప్పి పంపించేసింది.

ప్రొఫెసరు పరీక్ష మళ్లీ చేయమన్నారు. ఆ రోజు పూలకొట్టు మూసి ఉంది. వదిన అమ్మను బతిమాలి కుండీల్లో పూలే కోసుకెళ్లింది. ఈసారి క్రిములు బిళ్లను ఆనుకుని మరీ పెరిగాయి. తన చేతిలో తప్పేమో అనుకుని మళ్లీ చేసింది. మళ్లీ అంతే. పూలకొట్టతన్ని అడిగితే, త్వరగా కుళ్లకుండా మందునీళ్లలో ముంచి తీస్తామని గొప్పగా చెప్పాడట. క్రిములను చంపింది ఆ మందు. పువ్వు పాపం ఏమీ ఎరగదు.

ప్రొఫెసరుకు ఉన్నదున్నట్టు చెప్పేసి ఇంటికొచ్చింది వదిన. ముఖం చూస్తే నాకే జాలేసింది. పరిశోధన పోయినందుకు కాదు ఆవిడ బాధ.

"నేను నోరు జారకపోతే అత్తయ్య ఎప్పుడో ఆస్పత్రికి వెళ్లేవారు" అంది.

ఎత్తిపొడవడం మాని, ఆవిడ వెంట అమ్మ దగ్గరికి నడిచాను.

అమ్మకు చెబితే వినలేదు. నీకు చేతకాక నా పూలకు వంకలు పెడతావా అంది. వదిన అమ్మ పుండు మీద దూదిపుల్ల తిప్పి, అమ్మ నూరిన ముద్ద కాస్త డబ్బాలో పెట్టుకుని వెళ్లింది. మర్నాడు అమ్మను లాబ్‌కు వెంటబెట్టుకెళ్లింది, తోడుగా నేనూ. మూత తీయకుండా పళ్లెం అమ్మ చేతికిచ్చింది. ఒక పక్క ఆస్పత్రి మందు బిళ్ల, దాని చుట్టూ ఖాళీ. రెండో పక్క అమ్మ బంతిముద్ద రసం పట్టించిన బిళ్ల, దాని అంచుదాకా తెల్లగా క్రిములు.

అమ్మ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇవి నా కాలివేనా?"

"మీ కాలివే అత్తయ్యా."

"ఇన్నాళ్లూ వీటికి పూలపక్క వేశానన్నమాట" అంది అమ్మ. తర్వాత చెప్పుల కోసం చూస్తూ, డాక్టరు ఈ వేళప్పుడు ఉంటాడా అని అడిగింది.

చిటికెనవేలు దక్కలేదు. పాదం దక్కింది. వదిన ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, తప్పు తనదేనంటూ కళ్లు ఒత్తుకుంది. మిషన్ తొక్కడానికి చిటికెనవేలు ఎందుకని అమ్మ విసుక్కుంది. ఇంతలో కట్టు మార్చడానికి నర్సు వచ్చింది. అమ్మ వదిన చెయ్యి పట్టుకుని, వెనకటి గర్వంతోనే నర్సుకు చెప్పింది:

"నా బంతిపువ్వు దేనికీ పనికిరాదటమ్మా. మా కోడలు రుజువు చేసింది."