ఎడమ భుజం మీది గన్నేరు

మా తమ్ముడు అమరనాథ్‌కి రెండు ఉద్యోగాలు. ఒకటి ఎలక్ట్రానిక్ సిటీలో, ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. రెండోది జిగణి దారిలో ఉన్న మా సప్పలమ్మ గుడిలో, మంగళవారం, శుక్రవారం పొద్దున పూజ చేయడం. మొదటిదానికి నమ్మకంతో పని లేదు. రెండోదానికి కావాలి, అదేమో వాడి దగ్గర లేదు.

ముప్ఫై ఏళ్లుగా ఆ పూజ చేసింది మా నాయన చిక్కమునియప్ప. పోయిన ఏడాది మోకాలికి ఆపరేషన్ అయ్యాక గర్భగుడిలో కింద కూర్చోలేకపోతున్నాడు. బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, లోపల కొడుకు చేసే ప్రతి పనికీ దగ్గుతుంటాడు. ఒక దగ్గు అంటే తొందరపడుతున్నావని, రెండంటే మంత్రం మింగావని. ఇరవై ఆరేళ్లవాడు ఆ దగ్గులకు మండిపోకుండా ఎట్లా ఉంటాడు?

వాడికి మండించేవి ఇంకా చాలా ఉన్నాయి. రాళ్ల లారీలు పోతుంటే గుడి గోడలు అదురుతాయి. పక్క అపార్టుమెంటు వాళ్లు తప్పెట చప్పుడు తగ్గించమని కాగితం రాసి పంపుతారు, మళ్లీ వాళ్లే కొత్త కారు కొంటే నిమ్మకాయలు పట్టుకుని వస్తారు. ఫోనులోని మ్యాపులో ఎవడో మా అమ్మవారికి మూడు నక్షత్రాలిచ్చాడు, బండి పెట్టుకోవడానికి చోటు లేదని. పూజ ముగించుకుని ఎనిమిది కిలోమీటర్లు ట్రాఫిక్‌లో గంటసేపు ఈదుకుంటూ ఆఫీసు చేరితే, గోళ్లలో పసుపు చూసి పల్లవి అనే అమ్మాయి రోజూ ఒకే మాట అంటుంది: స్వామిగారూ, మా పని త్వరగా అయ్యేటట్టు దీవించండి. ఇవన్నీ వాడు బండి మీద పోతూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నాకు చెబుతాడు. నేను యలహంకలో కాపురం. ఊరికి ఆ చివర వాడు, ఈ చివర నేను. వాడి చిరాకంతా నా వంటింట్లో వినిపిస్తుంది.

అన్నిటికంటే వాడికి పడనిది పువ్వు అడగడం. మా గుడిలో ఇది తాతల నాటి నుంచీ ఉంది. ఏదైనా తేలనప్పుడు జనం వచ్చి అమ్మను అడుగుతారు. పూజారి తడి పసుపుతో అమ్మవారి రెండు భుజాల మీదా ఒక్కో గన్నేరు పువ్వు అంటిస్తాడు. అడిగేవాళ్లు కళ్లు మూసుకుని ప్రశ్నను మనసులోనే అడగాలి. పూజారికి కూడా వినబడకూడదు, అది మా నాయన పట్టుదల. అమ్మ కుడి భుజం పువ్వు ముందు రాలితే సరేనని, ఎడమది రాలితే వద్దని. పెళ్లిళ్లు, పొలం అమ్మకాలు, బోర్లు, అన్నీ అట్లా తేలినవే. పసుపు తడి ఎక్కువుంటే పువ్వు నిలుస్తుందని, తక్కువుంటే ఆరి రాలుతుందని వాడు పన్నెండేళ్లకే కనిపెట్టాడు. ఆ రోజుతో వాడి భక్తి అయిపోయింది. అయినా ఎనిమిది నెలలుగా రెండు వైపులా సమానంగా తడి పెడుతూనే వచ్చాడు. నమ్మకం లేకపోయినా కొలత తప్పడు. అది ఉద్యోగం నేర్పిన బుద్ధి.

ఇక జయమ్మ సంగతి. గుడి ముందు ఇరవై ఏళ్లుగా పూలు కట్టి అమ్ముతోంది. మా అమ్మ పోయినప్పుడు నాకు పదమూడు, వాడికి ఏడు. ఆ తర్వాత నాకు జడ వేసింది, వాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది, పండక్కి మా ఇంట్లో ఒబ్బట్లు చేసింది జయమ్మే. ఆమెకు రొమ్ములో గడ్డ అని తేలింది. నెల లోపల కోసి తీసేయాలి, ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పటికే మూడు వారాలు గడిచాయి. శుక్రవారం అమ్మను పువ్వు అడిగి గానీ ఏ మాటా చెప్పనంది జయమ్మ.

నేను తమ్ముడికి ఫోను చేశాను. ఎట్లాగైనా సరే, కుడి పువ్వే రాలేటట్టు చూడమన్నాను.

హారన్ల మధ్య వాడు బండి పక్కకు ఆపాడు. తర్వాత అన్నాడు: "నాకు నమ్మకం లేదక్కా, నిజమే. అట్లని ఆయమ్మ నమ్మకాన్ని నేనెట్ల తిప్పేది? అది మోసం కాదా?"

నాకు ఒళ్లు మండింది. రోజూ దీపం పెట్టే నేను మోసం చేయమంటున్నాను, దేవతే లేదనే వీడు నీతులు చెబుతున్నాడు. నువ్వు లేదనుకునే అమ్మకి కోపమొస్తుందని భయమా అని దెప్పాను. వాడు ఫోను పెట్టేశాడు.

ఆ వారమంతా వాడు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆఫీసులో చూసిన తప్పే మళ్లీ చూశాడట. పల్లవి వేళాకోళానికి కసురుకున్నాడట, ఆ పిల్ల బిత్తరపోయి గోళ్ల వైపు చూడడమే మానేసింది. గురువారం నాయన మీద పడ్డాడు. నీ మోకాలికి డాక్టరు చెప్పగానే పోతివే, అమ్మను పువ్వు అడిగినావా అన్నాడు. నాయన దగ్గలేదు, కోప్పడనూ లేదు.

"నాకు భయం లేకుండె, పోతిని. ఆయమ్మకి భయంగా ఉండాది. అడగనీ అప్పా," అన్నాడు.

శుక్రవారం పొద్దున జయమ్మ తానే గన్నేరు పూలు కోసి తెచ్చింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని గడప ముందు కూర్చుంది. అంతకుముందు వాడు ఒక నిర్ణయానికి వచ్చాడో లేదో నాకు తెలియదు గానీ, ఆమె ఆ పూలను కళ్లకద్దుకుని తనకు అందించడం చూశాక ఇంకేమీ ఆలోచించలేదట. ఎడమ భుజం మీద పసుపు మెత్తి పువ్వును గట్టిగా అదిమాడు. కుడి భుజం మీద ఊరికే తడి తగిలించి, బరువైన పువ్వు చూసి ఆనించాడు. పక్కకు జరిగి నిలబడ్డాడు.

జయమ్మ కళ్లు మూసుకుంది. బయట నాయన కూడా దగ్గడం లేదు. జేబులో ఆఫీసు ఫోను రెండుసార్లు వణికింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. కుడి పువ్వు అంచు లేచింది, కానీ రాలలేదు. రాలు, రాలు అని వాడు పంటి బిగువున అనుకుంటూనే ఉన్నాడు. ఎవరితో అంటున్నాడో వాడికే తెలియదు.

ఎడమ పువ్వు రాలింది.

జయమ్మ కళ్లు తెరిచి దాన్ని చూసింది. చీర చెంగులో పువ్వు కట్టుకుని, మొహం కప్పుకుని ఏడ్చి, లేచి వెళ్లిపోయింది. వాడు పిలవబోయి గడప దగ్గరే ఆగాడు. ఏమని పిలవాలి? నేను మోసం చేశాను, పువ్వు చెల్లదు అనాలా? మోసం చేసినా ఎడమే రాలిందంటే అది అమ్మ మాటే కదా అంటుంది జయమ్మ. వాడి తప్పు వాడి నోటికే తాళం వేసింది.

నాకు ఫోను చేసి, "ఎడమ పడిందక్కా," అన్నాడు. నేను బ్యాగు తీసుకుని బయల్దేరాను. యలహంక నుంచి జిగణికి మూడు గంటలు, రెండు బస్సులు, ఒక ఆటో. దారి పొడుగునా సప్పలమ్మను తిట్టాను. ఇన్నేళ్లు నీకు పూలు కట్టిన చేతులమ్మా, ఇదా నువ్విచ్చేది అని. అంతలోనే లెంపలు వేసుకున్నాను. మళ్లీ తిట్టాను.

తమ్ముడు ఆఫీసు ఎగ్గొట్టి జయమ్మ ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, లోపలికి పోయే ధైర్యం లేక. వాణ్ని లాక్కుని లోపలికి పోయాను. కాళ్ల మీద పడైనా ఒప్పించాలనుకున్నాను. జయమ్మ మంచం మీద రెండు చీరలు, ఒక తువ్వాలు, గ్లాసు, పళ్లెం సంచిలో సర్దుకుంటోంది.

ఎక్కడికని అడిగాను. ఆసుపత్రికి, సోమవారం పొద్దున రమ్మన్నారు అంది.

నాకు అర్థం కాలేదు. ఎడమ పువ్వు కదా పడింది అన్నాను.

"అవునమ్మా. కోసేది వద్దు, నీ నీడలోనే ఉండిపోతాను, సరేనా తల్లీ అని అడిగితిని. ఎడమది ఇచ్చేసింది. ఒప్పుకుంటుందనుకుంటిని. భయంతో ఏడిస్తిని కూడా. ఇంకేం చేసేది? పోవాల్సిందే కదా," అంది.

నేను తమ్ముడి వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. ఆమె ఏమడుగుతుందో మా ఇద్దరికీ తెలుసనుకున్నాము. కుడి పువ్వు రాలి ఉంటే జయమ్మ ఆ సంచి సర్దేది కాదు. గుడి ముందు కూర్చుని సంతోషంగా పూలు కట్టుకుంటూ ఉండేది.

సాయంత్రం వాడు గుడి తలుపు తెరిచాడు. నన్ను బయట నిలబెట్టి, పొద్దున పెట్టినట్టే పెట్టాడు. ఎడమ పక్క అంతే పసుపు, కుడి పక్క అంతే తడి. కుడి పువ్వు రాలింది. మళ్లీ పెట్టాడు. పది సార్లు పెట్టాడు. రెండు లారీలు పోయాయి, గోడ అదిరింది, ఫ్యాను కూడా వేసి చూశాడు. పదిసార్లూ కుడి పువ్వే. వాడి ఉద్యోగంలో ఒక్కసారి కనబడి మళ్లీ దొరకని తప్పును పక్కన పెట్టి ముందుకు పోతారట. వాడు మాత్రం పోలేకపోయాడు. పూలన్నీ ఒళ్లో వేసుకుని గడప మీద కూర్చున్నాడు.

ఇప్పుడైనా నమ్ముతావా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అమ్మ ఉండాదో లేదో నాకు తెలీదక్కా. పసుపు మరీ మందమై బరువుకి జారిండొచ్చు. నేను మాత్రం ఆయమ్మని చంపేసేవాణ్ని," అన్నాడు.

చంపమని చెప్పింది నేనే. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. అన్ని పూలు వృథా అయిన సంగతి నాయన పొద్దునే చూసి ఉంటాడు.

సోమవారం ఆసుపత్రిలో జయమ్మకు ఆకుపచ్చ గౌను తొడిగారు. ఆమె చెంగు ముడి విప్పి, వాడిపోయిన ఆ గన్నేరు తీసి, తలలో పెట్టమని వాడికిచ్చింది. నర్సు లోపలికి పూలు తేకూడదంది. జయమ్మ ఆ పువ్వును వాడి చేతిలోనే వదిలి, వేళ్లు మూసింది.

"నేను వచ్చేదాకా నీ దగ్గరే ఉండనీ అప్పా. నీ చెయ్యి మంచిది," అంది.

వాడు తల దించుకున్నాడు. ఆమెను తీసుకుపోయారు. పువ్వును చొక్కా జేబులో వేసుకుని కూర్చున్నాడు, లేచాడు, నీళ్లు తాగాడు, ఆఫీసు నుంచి వచ్చిన ఫోను ఎత్తకుండా కట్ చేశాడు. ఒంటిగంట దాటినా కబురు లేదు. రెండు నిమిషాలకోసారి జేబు తడుముకుంటున్నాడు. రెండు కావస్తుంటే తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి జయమ్మ తాలూకు ఎవరని అడిగింది. నాకంటే ముందు వాడు లేచాడు. ఆమె ఇంకా ఏమీ చెప్పకముందే వాడి రెండు చేతులూ జోడించి ఉన్నాయి.

ఆపరేషన్ బాగా జరిగిందని ఆమె చెప్పి వెళ్లిపోయింది. వాడు చేతులు దించలేదు. ఎవరికిరా దండం అని ఏడిపించడం నాకు అలవాటే. ఆ రోజు మాత్రం వాడి పక్కన నిలబడి నేనూ జోడించాను.