బాబు మియా ఆదా చేసిన చలికాలం

ఒమాన్ అంటే మండే ఎండలని కడపలో అందరూ అనుకుంటారు. అలా అనుకునే మహానుభావుల్ని ఒక్కొక్కరినీ డిసెంబరులో జబల్ అఖ్దర్ కొండ మీదికి తెచ్చి, తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ముందు చన్నీళ్లతో కాళ్లూ చేతులూ కడిగించి వజూ చేయించాలని బాబు మియాకు ఎప్పటినుంచో కోరిక. కింద నిజ్వాలో జనం పల్చటి చొక్కాలతో తిరుగుతుంటే, పైన కుళాయి నీళ్లు చేతుల్ని కొరికేవి. మోకాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చలికాలం వచ్చిందంటే అవి తనవి కావు, అద్దెకు తెచ్చుకున్నవే.

అతను ఆ కొండ మీదే నాసర్ అనే అర్బాబ్, అంటే యజమాని, ఇంట్లో డ్రైవరు, తోటమాలి, ఇంకా ఎవరూ చేయని పనులన్నిటికీ బాధ్యుడు. పెద్దింట్లో బాయిలర్ ఉంది. దాని వేడినీళ్లు కుళాయిల్లోకి, గదుల గోడల వెంట ఉన్న గొట్టాల్లోకి వెళ్లి ఇల్లంతా వెచ్చబెడతాయి. పెరట్లోని రెండు పనివాళ్ల గదుల దాకా మాత్రం ఆ వేడి ఎన్నడూ రాలేదు. ఒకటి బాబు మియాది, రెండోది రాయచోటి వైపు నుంచి వచ్చిన వంటమనిషి గంగులమ్మది.

పోయిన చలికాలం చివర్లో పాత బాయిలర్ ఎంతో గొప్పగా అరిచి ప్రాణం విడిచింది. మళ్లీ చలి మొదలయ్యే వేళకు కొత్తది బిగించడానికి నిజ్వా నుంచి ప్రొద్దుటూరు కుర్రాడు షఫీ వచ్చాడు. సమయం చూసి బాబు మియా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అర్బాబ్, ఎట్లాగూ గొట్టాలు వేస్తాండారు కదా. ఒక్క పైపు మా రూముల దాకా లాగిస్తే మా మోకాళ్లు మీకు దువా చేస్తాయి."

అర్బాబ్ గడ్డం నిమురుకున్నాడు. ఆయనకు పొదుపంటే మహా ఇష్టం, అందులోనూ పక్కవాళ్లు చేసే పొదుపు. పాత బాయిలర్ మింగిన ప్రతి గ్యాస్ సిలిండర్‌కూ పెరటి గోడ మీద బొగ్గుతో ఓ గీత గీసి పెట్టాడు. ఆ గీతలు గోడంతా పాకి మూల తిరిగాయి.

"ఈ చలికాలం సుద్దతో గీస్తా. తెల్ల గీతలు నల్ల గీతల కంటే తగ్గితే మీకు పైపు లాగిస్తా, ఇన్షా అల్లా!" అన్నాడు తనకొచ్చిన గల్ఫు హిందీలో.

షఫీ పోతూ పోతూ బాబు మియా చెవిలో చెప్పాడు. "భాయ్, నువ్వు దీన్ని ముట్టుకోవాకు. గ్యాసు దానంతట అదే తగ్గిస్తాది. పాతదాని తిండి వేరే, దీని తిండి వేరే."

వింటే కదా! తన మోకాళ్ల తలరాతను ఓ ఇనప డబ్బా చేతిలో పెట్టి నిద్రపోయేంత నమ్మకస్తుడు కాదు మన బాబు మియా. షఫీ బండి మలుపు తిరిగిందో లేదో, బాయిలర్ మరను చిన్న మంటకు తిప్పేశాడు. చలి ముదిరాక పగలంతా ఆపేయడం మొదలుపెట్టాడు.

ఇంటావిడను అక్కడ పనివాళ్లందరూ మామా అంటారు, అంటే అమ్మగారు. ఆవిడ ఓ రోజు గోడ గొట్టం మీద చెయ్యి పెట్టి, "ఇది చల్లగా ఉందేమిటి?" అని అడిగింది.

"కొత్త మిషన్ కదా మామా, వేడి పైకి కనిపించదు. లోపల్లోపలే పని చేస్తది" అన్నాడు. పాపం, ఆవిడ ఇంకో శాలువా కప్పుకుని నమ్మేసింది.

కానీ పిల్లల స్నానాలు? గంగులమ్మకు ఆ పసివాళ్లంటే ప్రాణం.

"పిల్లోళ్లు వణుకుతాంటే నేను చూడలేనన్నా. నీ పైపు పాడుగాను!" అని నెత్తి కొట్టుకుంది. దానిమ్మ తోటలో కొట్టేసిన కొమ్మలు పోగేసి, ఇంటి వెనక మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పెద్ద డేగిసాలో నీళ్లు కాచింది. బాబు మియా కట్టెలు విరవాలి, బకెట్లు మోయాలి. పొగ సంగతి అర్బాబ్ అడిగితే తోటలో చెత్త కాలుస్తున్నామని చెప్పాలి. పిల్లలకు ఆ చెంబు స్నానం తెగ నచ్చింది. గంగులమ్మ తలంటి పోస్తుంటే కేరింతలు కొట్టేవారు.

ఇందులో వింతేమిటంటే, పిల్లల వేడినీళ్లకు కట్టెలు విరిచి, బకెట్లు మోసిన మనిషికి వజూకు మాత్రం చన్నీళ్లే. ఫజర్ వేళ పొయ్యి వెలిగిస్తే, మసీదుకు బయల్దేరే అర్బాబ్ కంట పడుతుంది. అందుకని పళ్లు బిగబట్టి, కుళాయి కింద కాళ్లు పెట్టి, 'ఈ ఒక్క చలికాలమే కదా' అనుకునేవాడు.

చలికాలం వెళ్లిపోయింది. అర్బాబ్ ఓ శుక్రవారం బంధువుల్ని పిలిచి, కహ్వా కాఫీ తాగించి, అందర్నీ పెరటి గోడ దగ్గరికి నడిపించాడు. నల్ల గీతలు గోడ దాటి పోయాయి. తెల్ల గీతలు మొదలైన చోటే ఆగిపోయాయి.

"మాషా అల్లా!" అన్నారంతా. బాబు మియా చేతిలోని కహ్వా ఫ్లాస్కు కింద పెట్టి ముందుకొచ్చాడు.

"అర్బాబ్, పైపు..."

"అవును, పైపు!" అంటూ అర్బాబ్ ఆప్యాయంగా అతని భుజం మీద చెయ్యి వేశాడు. "కొంచెం తగ్గినా లాగిద్దామనే అనుకున్నా. షఫీకి చెప్పి కూడా ఉంచా. కానీ ఇంత తగ్గింది చూడు! ఇంత బాగా నడుస్తున్నదాన్ని ఎవరైనా కదిలిస్తారా? మీ గదులు కలిపితే వచ్చే ఏడాది గీతలు పెరిగిపోవూ? అయినా మీరిద్దరూ చలికాలమంతా చన్నీళ్లతోనే గట్టిగా ఉన్నారుగా, మాషా అల్లా."

బంధువులు మళ్లీ మాషా అల్లా అన్నారు. బాబు మియా ఫ్లాస్కు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కోపం ఎవరి మీద చూపించాలి? మర తిప్పింది తన చెయ్యే.

మర్నాడు ఫజర్‌కు కుళాయి కింద కాళ్లు పెట్టాడు. గంగులమ్మ తన గది గుమ్మంలో కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది.

"షఫీ చెప్పినట్టు ముట్టుకోకుండా ఉంటే సరిపోయేది కదన్నా. ఇంగ వచ్చే చలికాలానికి మిషన్‌ను దాని మానాన వదిలేస్తావా?"

"యాడ వదిలేది గంగులమ్మా! గీతలు పెరిగితే మిషన్‌కు ఏమైందని షఫీని పిలుస్తాడు. వాడొచ్చి మర చూసి, పోయిన చలికాలం ఎవరో తిప్పినారని చెప్పేస్తాడు." బాబు మియా మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. "దానిమ్మ కొమ్మలు ఇప్పట్నుంచే ఎండబెట్టు."